గిడ్డయ్య చేతులు

గిడ్డయ్య చేతులు ఊరికే ఉండగా చూసినవాళ్లు దేవనకొండ చుట్టుపక్కల ఎవరూ లేరు. కూర్చుంటే మోకాళ్లు రుద్దుకుంటాడు, నిలబడితే కంబళి కొసలు పీకుతాడు. ముప్పై ఏళ్లు గొర్రెలు కాచినవాడు. తెల్లారగానే దొడ్లోకి పోయి ఒక్కో గొర్రె వెన్నూ తడిమేవాడు. వెన్నుపూస చేతికి గుచ్చుకుందంటే దానికేదో నలత ఉన్నట్టే. టీకాలు వేసేవాళ్లు వస్తే, "నా చెయ్యి ఉండగా మీ సూది యాలప్పా?" అని పంపేసిన మొండిఘటం.

ఐదేళ్ల కిందట శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోయి మూడు రోజులున్నాడు. తిరిగొచ్చేసరికి చిటుకు రోగంతో నలభై గొర్రెలు చచ్చి పడున్నాయి. తాను ఊళ్లో ఉండి తడిమి చూసుంటే బతికేవన్న దిగులు ఆయన్ను వదల్లేదు. మిగిలినవి అమ్మేసి, పొలంలో నీటికుంట తవ్వించి చేపపిల్లలు వదిలాడు. మెట్టపల్లెలో చేపలేమిటని జనం నవ్వారు. ఇవీ పోతే ఇంకే జీవాన్నీ సాకే ధైర్యం తనకుండదని ఆయనకు మాత్రం తెలుసు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా. రోజూ పొద్దున్నే వల వేసి, పదో పదిహేనో చేపల్ని తీసి, ఒక్కోదాని వెన్నూ తడిమి మళ్లీ నీళ్లలో వదిలేవాడు.

"అవేమన్నా గొర్రెలా, నిమిరితే సంబరపడేకి?" అని భార్య మద్దమ్మ మొత్తుకునేది.

"సూడకుంటే ఏమైతాదో నాకు తెలుసు, నువ్వు ఊరుకో."

పిల్లల్ని వదిలిన ఎనిమిదో నెలలో ఒక చేప మీద ఎర్రమచ్చ కనిపించింది. గిడ్డయ్య ఒకసారి వేసే వల రోజుకు మూడుసార్లు వేశాడు. వారం తిరిగేసరికి మచ్చలు పుండ్లయ్యాయి, రోజూ ఏడెనిమిది చేపలు వెల్లకిలా తేలసాగాయి. గిట్టనివాళ్లెవరో కుంటలో మందు కలిపారని కనపడ్డవాళ్లందరినీ అనుమానించాడు.

మద్దమ్మ కబురు పెడితే ఊరి సచివాలయంలో పశువుల పని చూసే రేణుక వచ్చి, ముందు గట్టున ఆరేసిన వలను చూసింది. దానినిండా పొలుసులే.

"అప్పా, ఇది దినామూ వేస్తాండావా?"

"వేయకుంటే ఎట్ల తెలుస్తాదమ్మా?"

"ఈ క్రిమి యాడనుంచో రాలేదప్పా. ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాది. చేప మీద జిగట ఉన్నంతకాలం దాని ఆటలు సాగవు. ఆ జిగట నువ్వు దినామూ తుడిచేస్తాండావు. సందు దొరికింది, దూరింది."

గిడ్డయ్య తన అరచేతులకేసి చూసుకున్నాడు. "అయితే గొర్రెలు?"

"చిటుకు రోగం క్రిమి గొర్రె కడుపులోనే ఉంటాదప్పా. వానకు మొలిసిన లేతగడ్డి ఒక్కసారిగా మేస్తే రెచ్చిపోతాది. నువ్వు ఈడుండి ఈపు తడిమినా తెలిసేది కాదు. టీకా వేయించింటే బతికేవి."

ఆయన ఆ గట్టు మీదే కూలబడి ఏడ్చాడు.

సున్నం చల్లమని, పాత నీరు కొంత తీసి బోరునీళ్లు వదలమని, పదిహేను రోజులు వల ముట్టొద్దని చెప్పి ఆమె వెళ్లింది. ఆ పదిహేను రోజులూ గిడ్డయ్య కాలుగాలిన పిల్లిలా కుంట చుట్టూ తిరిగాడు. వలను మద్దమ్మ ఎక్కడో దాచేసింది. తేలే చేపలు ఐదయ్యాయి, రెండయ్యాయి, ఆ తర్వాత ఒక్కటీ లేదు. పదహారో రోజు రేణుక వచ్చి, "ఒక్కదాన్ని పట్టి సూద్దామా అప్పా?" అంది.

"వద్దమ్మా. మేతకు వస్తాండాయి. సాలు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కంబళి కొసలు పీకుతూ కూర్చున్నాడు. మద్దమ్మకు నవ్వొచ్చింది.

"ఆ చేతులు అంతగా ఊరుకోకుంటే నా ఈపన్నా పట్టరాదా? నెల నుంచి నొస్తాంది. ఒక్కనాడన్నా అడిగినావా?"

ఆమె వెనక చేరి చెయ్యి వేశాడు. వెన్నుపూస చేతికి గుచ్చుకుంది. ఇంకోసారి, మెల్లగా, పైనుంచి కిందికి తడిమాడు. ఇంతగా ఎప్పుడు చిక్కిపోయిందో ఆయనకు తెలియదు.

"పొద్దున బస్సుకు ఆదోనికి పోదాము. డాక్టరుకు సూపిద్దాము," అన్నాడు.

"మరి కుంట? యాడికన్నా పోతే నీకు పానం నిలవదే!"

"అది ఉంటాదిలే," అన్నాడు గిడ్డయ్య, చెయ్యి తీయకుండా.