రెండు కార్లు, ఒక అయస్కాంతం

మా మామగారికి ఎవరిమీదా నమ్మకం లేదు. కొబ్బరికాయ కొన్నా చెవి దగ్గర ఆడించి, మళ్ళీ నా చెవి దగ్గర ఆడించి గానీ తీసుకోరు. అలాంటి మనిషికి, సేద్యం కొడుకులకు అప్పగించాక, పాత స్పోర్ట్స్ కారు కొనాలన్న కోరిక పుట్టింది. నేను యానాం నుంచి ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చి, ఆ పక్క పల్లె ఏంబలంలో వాళ్ళింటి కోడలినయ్యాను. నాకు కార్లంటే ఇష్టమని నన్ను వెంటబెట్టుకున్నారు.

పుదుచ్చేరిలో తేంగాయితిట్టు దారిలో, పాత కార్లు అమ్మే ఒక రేకుల షెడ్డు. యజమానిది మామగారి వయసే, ఇక్కడి పాత తెలుగు కుటుంబమే. మేం అడుగుపెట్టగానే గేటుకు లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మామగారు నావైపు చూశారు.

లోపల రెండు కార్లు. ఎర్రది ఇంగ్లండులో అరవైల్లో చేసింది. చెక్క స్టీరింగు, సన్నటి ఊచల చక్రాలు, కింద నేలమీద నూనె మరక. తెల్లది జపాన్‌లో తొంభైల్లో చేసింది. మీట నొక్కితే ముందు దీపాలు కప్ప కళ్ళలా పైకి లేచాయి, తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎర్రదాన్ని బతిమాలాల్సి వచ్చింది. దగ్గింది, పొగ వదిలింది, అప్పుడు పలికింది. ఆ గొంతు విన్నాక తెల్లది నాకు పాఠం అప్పజెప్పే పిల్లలా అనిపించింది.

"ఎర్రదాన్ని నడిపి చూస్తామండీ," అన్నాను.

"అది వద్దుమ్మా. తెల్లదాన్ని చూడు, రొంబ మంచి వండి," అని యజమాని తమిళం కలిపి ఆ బండిని తెగ మెచ్చుకున్నాడు.

"ఏందో దాస్తా ఉండాడు," అని మామగారు గొణిగారు. నాకూ అదే అనుమానం. అంత పాత కారుకు అంత నున్నటి రంగేమిటి? మామగారు రుమాల్లోంచి మా ఫ్రిజ్ తలుపుకుండే అయస్కాంతం తీసి ఎర్ర కారు తలుపుకు పెట్టారు. పైన అతుక్కుంది. కింది అంచులో నిలవక జారిపడింది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ నింపి రంగేశారు.

"ఇదేంది?"

"ఉప్పుగాలి తినేసినాది, నేనే పూసినా. అందుకే గదా వద్దంటిని!" యజమాని గొంతు లేచింది. "మీ కోడలి చెయ్యి వచ్చినకాడినుంచి ఆ అద్దం మీదే ఉండాది, ఏంటికి?"

తలుపు పక్కనుండే ఆ చిన్న అద్దం మీంచి చెయ్యి తీసేశాను. రెండోవైపు అద్దం లేదని అప్పుడే గమనించాను. చూస్తామని వచ్చినవాళ్ళెవరో విప్పుకుపోయారట. మేం ఆయన్ని అనుమానించినంతసేపూ ఆయన మా చేతుల్నే కనిపెట్టుకుని ఉన్నాడు.

"మమ్మల్ని దొంగలనుకుంటివా?"

"అయస్కాంతం తెచ్చిన నువ్వు నన్నేమనుకుంటివి?"

మామగారు అయస్కాంతాన్ని మళ్ళీ రుమాల్లో చుట్టేశారు. తెల్లదాన్నే చూద్దామన్నారు. సీట్లు రెండే. మా ఇద్దరినీ పంపితే కారుతో పోతామని యజమాని భయం, మాలో ఒకరిని ఎర్రదాని దగ్గర వదలాలన్నా భయమే. చాలాసేపు ఆలోచించి, మామగారిని లోపలుంచి బయట తాళం వేశాడు. తాను నా పక్కన కూర్చున్నాడు.

సముద్రం ఒడ్డున వీరాంపట్టినం దాకా పోయొచ్చాం. తెల్ల కారు చెప్పినమాట విన్నది, దారంతా ఒక్క పేచీ పెట్టలేదు. తిరిగొచ్చి గేటు తీస్తే, మామగారు ఎర్ర కారుకు దూరంగా స్టూలు మీద, చేతులు మోకాళ్ళపై పెట్టుకుని కూర్చున్నారు.

"నేను దాన్ని తాకలే," అన్నారు ముందుగానే.

తెల్లదాన్నే తీసుకున్నాం. ఇప్పటికీ మామగారు చెవి రిక్కించి ఏదో చప్పుడు కోసం వింటూనే నడుపుతారు. ఆ యజమాని అప్పుడప్పుడూ ఇంటికొచ్చి కారు చుట్టూ తిరిగి, మేం దాన్నేం చేశామో చూసి పోతుంటాడు.

"ఎర్రది అమ్మినావా?" అని మొన్న మామగారు అడిగారు.

"యాడ అమ్మేది? నమ్మకమైనోళ్ళు రాలే," అని ఆయన కాఫీ అందుకున్నాడు.