కాదని రాసిచ్చే కౌసిల్ గారు

లోరికా ఊళ్ళో కౌసిల్ గారిని ఎరగనివాళ్ళు లేరు. ఎరిగినవాళ్ళలో ఆయన ఇచ్చిన కాగితం ఒక్కటైనా ఇంట్లో లేనివాళ్ళూ లేరు. ఆయనకున్న అలవాటు ఒక్కటే. దేన్నైనా కాదనాల్సి వస్తే నోటితో అనడు, రాసిస్తాడు. కోరినది ఏమిటి, నిర్ణయం ఏమిటి, కారణం ఏమిటి, కింద తేదీ, సంతకం, సంతకం మీద గుండ్రటి ముద్ర. కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు తీస్తాడు. ఒకటి మీకు, ఒకటి ఆయనకు.

పూర్తి పేరు ఎలియోదోరో కౌసిల్. ఆరోగ్య బీమా కంపెనీ ఆఫీసులో రెండో కౌంటర్ ఆయనది. ఆ ఆఫీసు గుమ్మం పక్కనే ఒతీలియా పదకొండేళ్ళుగా ఫ్లాస్కుల్లో నల్ల కాఫీ, లోపల గుడ్డు పెట్టి వేయించిన మొక్కజొన్న రొట్టెలు అమ్ముతోంది. కాబట్టి కౌసిల్ గారి కాగితాలు ఆవిడ దగ్గర ఉన్నన్ని కంపెనీ బీరువాలో కూడా ఉండవు.

"కాఫీ పొయ్యమంటారా కౌసిల్ గారూ?" అని ఆవిడ మొట్టమొదటి రోజు అమాయకంగా అడిగింది.

ఆయన సంచీలోంచి చిన్న పుస్తకం తీసి, గోడకి ఆనించి రాసి, ముద్ర వేసి, చింపి ఇచ్చాడు. "కోరినది: కాఫీ, ఒక కప్పు. నిర్ణయం: తిరస్కరించడమైనది. కారణం: కడుపులో మంట."

"వద్దంటే సరిపోయేది కదండీ."

"నోటిమాటకి సాక్ష్యం ఎవరండీ? నేను అడిగితే మీరు పొయ్యలేదని రేపు నేనే ఊరంతా చెప్పుకు తిరిగాననుకోండి, అప్పుడు మీ గతేంటి?"

ఒతీలియా తన గతి గురించి కాసేపు ఆలోచించి ఆ కాగితం దాచుకుంది. అడుగున ఇంకో వాక్యం ఉంది. "ఈ నిర్ణయం నచ్చనివారు జడ్జి గారికి తుతేలా పెట్టుకోవచ్చును. కోర్టు బజారు వెనక, మేడ మీద, ఉదయం ఎనిమిది గంటల నుంచి." తుతేలా అంటే మనిషికి అన్యాయం జరిగిందని నేరుగా జడ్జికి పెట్టుకునే అర్జీ. కాఫీ వద్దన్నందుకు జడ్జి దగ్గరికి వెళ్ళమంటున్నాడే ఈయన అని ఆవిడ నవ్వుకుంది. ఆ తర్వాత ఆయన ఇచ్చిన ప్రతి కాగితం కిందా అదే వాక్యం ఉండేసరికి చదవడం మానేసింది. ఊళ్ళో అందరూ అలాగే మానేశారు.

సెలూన్ తార్కినో తన కొడుకు బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా ఉండమని కౌసిల్ గారిని అడిగాడు. మర్నాడు పొద్దున్నే తలుపు కింద కాగితం పడి ఉంది. "కారణం: ఇప్పటికే పధ్నాలుగు మందికి జ్ఞానతండ్రిని. పేర్లు కలిసిపోతున్నవి." తార్కినో నెలరోజులు ఆయన తల ముట్టుకోలేదు. తర్వాత ఆ కాగితానికి ఫ్రేము కట్టించి సెలూన్లో అద్దం పక్కన వేలాడదీశాడు.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య లూదిస్ గారు జున్నుముక్కలు వేసిన కందగడ్డ పులుసు రెండో గరిటె వెయ్యబోతే ఆయన కంచం పక్కన పెట్టుకున్న పుస్తకం తీస్తాడు.

"మా పెళ్ళి కుదిరినప్పుడు సరేనని ఒక్క ముక్క రాసివ్వలేదు మనిషి," అని లూదిస్ గారు ఒతీలియా దగ్గర వాపోయేది. "కాదనడానికైతే మాత్రం చేతివేళ్ళు దురద."

"సరేనంటే పని జరిగిపోతుంది లూదిస్, ఇంక కాగితమెందుకు?" అన్నాడు ఒకసారి ఆ మాట చెవినపడ్డ కౌసిల్ గారు చాలా ఓపిగ్గా. "కాదన్నప్పుడే కదా మనిషి చేతిలో ఏదో ఒకటి ఉండాలి."

ఇలాంటి మనిషిని బీమా ఆఫీసులో జనానికి ఎదురుగా కూచోబెట్టడం ఎవరి తెలివో తెలీదు. మొదటి కౌంటర్లో యుర్లేదిస్ అనే పిల్ల ఉండేది. నవ్వు మొహం, ఎర్ర గోళ్ళు. ఎవరొచ్చినా "బంగారం" అని పిలిచేది. పదేళ్ళలో ఆ పిల్ల ఒక్కరినీ కాదన్న పాపాన పోలేదు. "పరిశీలనలో ఉంది బంగారం," "సిస్టమ్ పడిపోయింది బంగారం, సోమవారం రండి," "బొగోతా హెడ్డాఫీసు నుంచి సంతకం రావాలి బంగారం." జనం ఆ నవ్వు చూసుకుని, ఆశ పెట్టుకుని, సోమవారం మళ్ళీ వచ్చేవారు. ఆ పిల్ల వరస గుమ్మం దాటి ఒతీలియా కాఫీబల్ల దాకా ఉండేది. కౌసిల్ గారి ఎదుట ఉన్న కుర్చీలో మాత్రం ఆఫీసు పిల్లి పడుకునేది.

మేనేజరు ఫదూల్ గారిని అందరూ డాక్టర్ గారూ అంటారు. వైద్యం రాదు, మెడలో టై ఉంది కాబట్టి డాక్టరు. ఆయన ఒకరోజు రెండో కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "కౌసిల్, మన కంపెనీలో కాదనే మాట లేదు. పరిశీలనలో ఉంది అని చెప్పి పంపించెయ్. రాతకోతలు పెట్టుకోకు," అన్నాడు.

"అలాగే డాక్టర్ గారూ. ఆ ముక్క రాసివ్వండి."

ఫదూల్ గారు టై సర్దుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. ఉద్యోగంలోంచి తీసేద్దామా అంటే, అదీ రాసే ఇవ్వాల్సి ఉంటుంది.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు ఒతీలియా అక్క నూరిస్‌కి ఉన్న ఒక్క కన్నూ మసకేసింది. షుగరు వల్ల ఎడమ కన్ను అంతకు ముందే పోయింది. నూరిస్ ఇల్లు కదలకుండా కూచుని గడ్డి పోచలతో జడలల్లి, ఆ జడలు చుట్లు చుట్లుగా కుట్టి టోపీలు చేస్తుంది. తెల్లపోచ, నల్లపోచ లెక్క తప్పితే నమూనా మొత్తం పాడవుతుంది. పట్నం మోంతెరియాలో కంటి డాక్టరు చూసి, లోపల రక్తం చిమ్ముతోంది, నెలలోపు మొదటి ఇంజెక్షన్ పడకపోతే ఈ కన్ను కూడా దక్కదని చీటీ రాశాడు. ఇంజెక్షన్‌కి బీమా కంపెనీ మంజూరు కావాలి.

ఒతీలియా చీటీ పట్టుకుని యుర్లేదిస్ వరసలో నిలబడింది. రోజూ కాఫీ పోసే మనిషి కాబట్టి ఆ పిల్ల ఇంకా బాగా నవ్వింది. మొదటి వారం పరిశీలనలో ఉంది బంగారం. రెండో వారం బొగోతా సంతకం బంగారం. మూడో వారం సిస్టమ్. పంతొమ్మిది రోజులు గడిచిపోయాయి. ఇంటి దగ్గర నూరిస్ వేళ్ళతో తడిమి అల్లుతూ, "కళ్ళదేముందే, పోచలు నా చేతికి తెలుసు," అనేది. ఆవిడ ఒళ్ళోని జడలో తెల్ల చోట నల్ల, నల్ల చోట తెల్ల పడి ఉండేవి. ఒతీలియా ఆ మాట చెప్పలేక పెరట్లోకి వెళ్ళి ఏడ్చేది.

ఇరవయ్యో రోజున మళ్ళీ సోమవారం రమ్మన్నారు. ఆవిడ వెనక్కి తిరుగుతుంటే రెండో కౌంటర్ నుంచి పిలుపు వచ్చింది.

"ఒతీలియా గారూ, ఇక్కడ వరస లేదు."

"తెలుసండీ. ఎందుకు లేదో కూడా తెలుసు."

"చీటీ ఇలా ఇవ్వండి."

"ఇస్తే ఏం చేస్తారు? కాదంటారా?"

"అంటాను," అన్నాడు కౌసిల్ గారు.

నిలబడే ఓపిక లేక ఆవిడ పిల్లిని లేపి కూచుంది. ఆయన చీటీ రెండుసార్లు చదివి, డాక్టరు సంతకం మీద వేలు పెట్టి చూసి, టైపు మిషన్ దగ్గరికి లాక్కున్నాడు. "కోరినది: కంటి ఇంజెక్షన్, నెలలోపు. నిర్ణయం: తిరస్కరించడమైనది. కారణం: ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రితో కంపెనీకి ఒప్పందం లేనందున." ముద్ర ఠప్పున పడింది. రెండు ప్రతులు.

ఒతీలియా మొహం ఎర్రబడింది. "ఆ పిల్ల కనీసం నవ్వుతుందండీ. మా అక్క గుడ్డిదైపోతుంటే మీకు ముద్ర వెయ్యడానికి చేతులెలా వచ్చాయి? రేపట్నుంచి మీరే అడిగినా నా దగ్గర మీకు కాఫీ లేదు."

కౌసిల్ గారు తలెత్తాడు. "అది రాసివ్వగలరా?"

ఆవిడ నోటికొచ్చినట్టు తిట్టింది. కౌసిల్ గారి తండ్రినీ, తాతనీ, ఆ రబ్బరు ముద్ర చేసినవాణ్ణీ కూడా వదల్లేదు. వరసలో వాళ్ళు మనసారా విన్నారు. ఈ దుర్మార్గుడి మీద జడ్జికి ఫిర్యాదు చేస్తానని చెప్పి, సాక్ష్యంగా ఆ కాగితమే పట్టుకుని, బజారు వెనక మేడ మెట్లు ఎక్కేసింది.

కోర్టు గుమాస్తా అరటిపండు తింటున్నాడు. ఆవిడ గోడు మొత్తం విన్నాడు. కాగితం చూపించమన్నాడు. చూసి, అరటిపండు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, "కూర్చో అమ్మా. కౌసిల్ పంపాడని ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

"పంపడమేంటండీ? కాదన్నాడు. ఆయన మీదే ఫిర్యాదు."

"అది తర్వాత. నువ్వొచ్చి రేపు రమ్మన్నారు, సోమవారం రమ్మన్నారు అంటే జడ్జి గారేం చేస్తారు చెప్పు. కంపెనీ వాళ్ళొచ్చి, మేం ఎప్పుడు కాదన్నామండీ, పరిశీలనలో ఉంది కదా అంటారు. అంతే, ఇంకో నెల. ఇదిగో, ఇందులో కాదన్నారు. తేదీ ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది. ఇంక ఎక్కడికి పోతారు?"

ఆవిడకి ఇంకా ఎక్కలేదు. గుమాస్తా కారణం అన్నచోట వేలు పెట్టాడు.

"ఇది చూడు. ఆసుపత్రితో ఒప్పందం లేదట. ఒప్పందం చేసుకోవాల్సింది ఎవరు? కంపెనీయే. అది రోగి తప్పెలా అవుతుందని జడ్జి గారు ఒక్క నిమిషంలో కొట్టేస్తారు. కావాలంటే ఇంకో పది కారణాలు రాయొచ్చు, అవి తేల్చడానికి నెలలు పడుతుంది. ఆ ముసలాయన ప్రతిసారీ ఏరికోరి నిలబడని కారణమే రాస్తాడు." ఆయన లేచి బీరువా తెరిచాడు. ఒక అరలో గుండ్రటి ముద్రల కాగితాల కట్ట ఉంది. "ఇన్నేళ్ళలో ఆ ఆఫీసు మీద వచ్చిన అర్జీలు ఇవే, నీలాగే ఆయన్ని తిట్టుకుంటూ వచ్చినవాళ్ళవి. అన్నీ ఆయన రాసిచ్చినవే. ఒక్కటీ ఓడలేదు."

ఒతీలియా కాగితం వెనక్కి తీసుకుని అడుగు వాక్యం చదివింది. కోర్టు, బజారు వెనక, మేడ మీద. పదకొండేళ్ళుగా ఇంట్లో రేకు డబ్బా నిండా ఉన్న వాక్యం. ఆవిడకి సిగ్గేసింది, కౌసిల్ గారి తాతని తిట్టిన తిట్టు గుర్తొచ్చి ఇంకొంచెం ఎక్కువ సిగ్గేసింది. గుమాస్తా అరపేజీ అర్జీ రాసిపెట్టాడు, ఆవిడ సంతకం చేసింది. లాయరు అక్కర్లేదు, పది రోజుల్లో తీర్పు.

ఎనిమిదో రోజున తీర్పొచ్చింది. రెండు రోజుల్లోగా ఇంజెక్షన్ ఇప్పించకపోతే ఫదూల్ గారు స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని అందులో ఉంది. ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం మోంతెరియాలో నూరిస్ కంట్లో ఇంజెక్షన్ పడింది. సూది కన్నా ఆ మేనేజరు మాటిమాటికీ ఫోన్ చేసి పడిందా పడిందా అని అడగడమే ఎక్కువ బాధపెట్టిందని ఆవిడ చెప్పింది.

ఒతీలియా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, కాఫీకి వచ్చినవాళ్ళకి తప్ప. వారం తిరిగేసరికి మొదటి కౌంటర్ ఖాళీ. రెండో కౌంటర్ వరస వీధి మలుపు దాకా పోయింది. "నన్ను ముందు కాదనండి కౌసిల్ గారూ, బస్సుంది" అని ఒకరు, "పొద్దుట్నుంచి నిలబడ్డాం, మమ్మల్ని కాదనకుండా ఆయన్ని ఎలా కాదంటారు" అని ఒకరు. ఒక పెద్దాయన తన కాగితం మీద ముద్ర సగమే పడిందని మళ్ళీ వచ్చాడు. గుమ్మంలో ఒకావిడ సెల్‌ఫోన్లో మొగుడికి సంతోషంగా చెబుతోంది, "కాదన్నారయ్యా, దేవుడి దయ."

నూరిస్‌కి నెల తిరిగింది, రెండో ఇంజెక్షన్ కావాలి. ఈసారి తనే వస్తానంది. చెల్లెలి చెయ్యి పట్టుకోకుండా నడిచి వచ్చి మూడు గంటలు వరసలో నిలబడింది. ఆవిడ వంతు రాబోతుండగా ఫదూల్ గారు గదిలోంచి పరుగున వచ్చాడు. నిన్న ఒక్కరోజే జడ్జి గారి కాగితాలు ఆయన ఏడు అందుకున్నాడు. రెండో కౌంటర్ వరసలో ఎవరు కనబడినా ఆయనకి చెమటలు పడుతున్నాయి.

"మీది మంజూరైందమ్మా. ఇదిగో సంతకం. కౌసిల్ దగ్గరికి వెళ్ళాల్సిన పనే లేదు."

"మూడు గంటలు నిలబెట్టి ఇప్పుడు సరేనంటారా?" అంది నూరిస్. "వచ్చినదాన్ని ఆయన్ని చూసైనా పోతాను, తప్పుకోండి."

కౌంటర్ ముందు నిలబడి ఆ ఒక్క కంటితో ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. చెల్లెలివైపు తిరిగింది.

"ఈయనేనా? నువ్వు ఇంటికొచ్చి తిట్టిన తిట్లకి ఆరడుగుల మనిషి, బుర్రమీసాలు అనుకున్నానే. ఇంత సన్నగా, ఇంత పొట్టిగా ఉన్నాడేంటి?"

"అక్కా," అంది ఒతీలియా.

"పైగా మూడో గుండీ లేదు. మీ ఆవిడ చూళ్ళేదు కాబోలు. ఆ చొక్కా తీసి ఇటివ్వండి, నా సంచీలో సూదీ దారం, గుండీలూ ఉన్నాయి."

ఆవిడ నిలబడ్డ చోటికీ ఆయన చొక్కాకీ మధ్య బల్ల, ఊచలు, నాలుగడుగుల దూరం ఉన్నాయి. ఆవిడకి అక్కణ్ణుంచి గుండీ దాకా కనబడుతోందని మొదట కౌసిల్ గారికే వెలిగింది. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పుస్తకం మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. వరసలో నలభై మంది చూస్తుండగా నింపాదిగా చొక్కా విప్పి, మడతపెట్టి, ఊచల్లోంచి అందించాడు. బనీనుతో కూచునే తర్వాతి మనిషిని పిలిచాడు.

నూరిస్ పిల్లి కుర్చీలో కూచుంది. సూదిలో దారం ఎక్కించడానికి ఒతీలియా చెయ్యి చాపితే తోసేసింది. రెండో ప్రయత్నానికి తనే ఎక్కించుకుంది.