సౌండ్ కార్డు గారు అలిగారండి

మా హరిబాబు కంప్యూటర్‌తో కూడా "అండి" పెట్టి మాట్లాడతాడు.

గోదావరి జిల్లాలవాళ్లకి మర్యాద ఎక్కువని, దూడని కూడా "రండి, పాలు తాగండి" అంటామని బయటివాళ్లు వేళాకోళం చేస్తూంటారు. అది వట్టి కోత. దూడల్ని మేం మామూలుగానే పిలుస్తాం. హరిబాబు ఒక్కడే మదర్‌బోర్డుని "గారు" అంటాడు. కీబోర్డు మీద వేలు కాస్త గట్టిగా పడితే "అయ్యో, తగిలిందాండీ?" అని అడుగుతాడు. కంప్యూటర్ మూగబోతే చెడిపోయిందని చచ్చినా అనడు.

"అలిగారండి" అంటాడు.

"ఎవరయ్యా అలిగింది?"

"లోపలివాళ్లండి."

లోపల ఎంతమంది కాపురం ఉన్నారో హరిబాబుకే తెలుసు. కెర్నెల్ గారు ఇంటి పెద్ద. ఆల్సా గారూ పల్స్ ఆడియో గారూ తోడికోడళ్లు. శబ్దం మోసుకొచ్చే పని ఇద్దరిదీ కాబట్టి ఇద్దరికీ ఎప్పుడూ పడదు. అందరికంటే చిన్నవారు ఆన్‌బోర్డ్ సౌండ్ కార్డు గారు. విడిగా కొని తెచ్చినవారు కాదు, బోర్డు మీదే పుట్టి పెరిగినవారు. అందుకని గారాబం ఎక్కువ, అలకలు ఎక్కువ.

హరిబాబుకి రేవు దగ్గర జెరాక్స్ కొట్టుంది. అది పేరుకే. అసలు పని, ఊళ్లో అటకెక్కిన పాత డెస్క్‌టాప్‌లన్నిటికీ విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించడం. "వైరస్ రాదండి, ఉచితమండి, ముసలి మిషన్ కూడా పరిగెడుతుందండి" అంటూ ఇంటింటికీ తిరిగి, పిల్లలకి పోలియో చుక్కలు వేసినట్టు అందరికీ వేసేశాడు. మాకూ వేశాడు. నిజంగానే వైరస్ రాలేదు. మిషన్ పరిగెత్తింది. సౌండ్ మాత్రం అప్పుడప్పుడూ పుట్టింటికి వెళ్లిపోయేది.

ఓ ఆదివారం మా అత్తగారు మాణిక్యాంబగారు కంప్యూటర్ ముందు కూర్చుని ప్రవచనం పెట్టించుకున్నారు. తెర మీద స్వామివారి పెదాలు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. మౌనవ్రతం కాబోలనుకుని ఆవిడ ప్రవచనం ఆఖరిదాకా చేతులు జోడించుకునే ఉన్నారు. తరవాత మా ఆవిడ సూర్యకళ చూసి నెత్తి కొట్టుకుని హరిబాబుకి ఫోన్ చేసింది.

వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. కంప్యూటర్‌కి నమస్కారం పెట్టాడు. తెర నల్లగా చేసి దాని మీద తెల్లటి అక్షరాలు పురుగుల్లా పారించాడు.

"బాగా బిగుసుకున్నారండి" అన్నాడు నుదురు తుడుచుకుంటూ. "మాస్టారూ, మీరెళ్లి కరెంటు మీటరు తిరుగుతోందో లేదో చూసి రండి. చెల్లెమ్మా, టీ పెట్టమ్మా. పిన్నిగారూ, మీరు దేవుడి దగ్గర దీపం ఎలా ఉందో చూడండి."

మీటరు తిరుగుతోంది. దీపం వెలుగుతోంది. టీ పొంగింది. తిరిగొచ్చేసరికి ఎవరో దొరసాని గొంతు "ఫ్రంట్ లెఫ్ట్... ఫ్రంట్ రైట్..." అంటోంది. సౌండ్ వస్తోందో లేదో చూడటానికి లైనక్స్‌లో ఉండే గొంతట.

"ఏమంటోందే?" అన్నారు మా అత్తగారు.

"ముందు ఎడమ, ముందు కుడి అంటోందమ్మా" అంది సూర్యకళ.

"పాపం, అటూ ఇటూ ఎంతసేపు తిరుగుతుంది? కాస్త కూర్చోమనండి. కాఫీ ఇద్దాం."

"ఇంతకీ ఏమైందయ్యా?" అన్నాను నేను.

"కెర్నెల్ గారు అలిగారండి. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కితే అత్తగారేం చేస్తారు? బతిమాలతారు. నేనూ అంతేనండి."

మా అత్తగారు నా వైపు చూశారు. నా పెళ్లిలో అలకపాన్పు మీద పడుకుని స్కూటరు కోసం నేను బిగదీసుకున్న సంగతి ఆవిడ ఇంకా మర్చిపోలేదు. నేను మళ్లీ మీటరు చూడ్డానికి వెళ్లాను.

ఊళ్లో అందరూ హరిబాబుని ఆటపట్టించేవారు. "ప్రతిదానికీ పూటంతా బతిమాలతాడండి" అని నవ్వేవారు. కానీ టౌన్లో ఉన్న ఇంకో మెకానిక్‌ని మాత్రం పిలిచేవారు కాదు. ఆయన చురుకైనవాడే. పోతురాజుగారింటికి అలా వచ్చి ఇలా చూసి, వీధి అరుగు మీద కోడలూ వియ్యంకుడూ పాలవాడూ అందరూ వినేటట్టు "స్పీకర్ ప్లగ్గు పెట్టుకోవడం తెలీకపోతే కంప్యూటర్ ఎందుకండీ?" అని వెళ్లిపోయాడు. మా ఊరు ఇలాంటివి వదలదు. ఆమధ్య పోతురాజుగారు మనవరాలి శుభలేఖ పట్టుకుని ఓ ఇంటికి వెళితే, లోపల్నించి "ఎవరూ? ప్లగ్గు పోతురాజుగారేనా? రండి రండి" అన్నారట.

ఇక రేవు సంగతి. మనుషుల్నీ మోటార్ సైకిళ్లనీ కొబ్బరికాయల బస్తాల్నీ అవతలి ఒడ్డుకి చేరవేసే పంటు మా ఊరికి ప్రాణం. దాన్ని వేలంలో పాడుకున్నది భీమరాజుగారు. ఆయనకి రెండు గొప్పలు: మీసం, గొంతు. ఈమధ్య టిక్కెట్ల గదిలో కంప్యూటర్ పెట్టించి, రేకుల పైన హారన్ బిగించి, ప్రయాణికుల కోసం తన గొంతుతోనే ప్రకటన రికార్డు చేయించారు. "టిక్కెట్టు లేనివారు ఎంతటివారైనా సరే, గోదాట్లో దింపబడతారు!" అని. కంప్యూటర్‌కి లైనక్స్ ఎవరు వేశారో చెప్పక్కర్లేదు.

టిక్కెట్లు ఇవ్వడానికి నూకరత్నం అనే అమ్మాయి కొత్తగా చేరింది. చేపల వేటకెళ్లే బుల్లియ్య కూతురు. "కుర్చీ ఉద్యోగాలు మనకెందుకే? నెల తిరక్కుండా ఇంటికొచ్చేత్తావ్" అన్నాడట వాళ్ల నాన్న. ఆ నెల తిరగాలని ఆ పిల్ల పొద్దున్నే అందరికంటే ముందొచ్చి గది తుడిచి, బల్ల తుడిచి, ఆఖరికి కంప్యూటర్ వెనకాల బూజు కూడా దులిపేది.

ప్రకటన ప్రారంభోత్సవానికి టౌన్ నించి ఓ అధికారిణి వచ్చారు. రిబ్బన్ కట్టారు. బడికి వెళ్లడానికి పంటు కోసం నిలబడ్డ నన్ను కూడా చప్పట్లకని లోపలికి లాగారు. భీమరాజుగారు మీసం దువ్వి, "నొక్కవమ్మాయ్" అన్నారు. నూకరత్నం నొక్కింది.

చప్పుడు లేదు.

మళ్లీ నొక్కింది. గోదారి మీద కొంగ ఒకటి అరిచింది, అంతే.

రాజుగారి మొహం కందిపోయింది. "నిన్న మోగింది! ఎవరు ముట్టుకున్నారు దీన్ని? ముట్టుకున్నోళ్లు ఎవరైనా సరే, ఇవాళే ఇంటికి!"

నూకరత్నం చేతిలోని దులుపుడు గుడ్డ మెల్లగా వీపు వెనక్కి వెళ్లింది. "అయ్యగారూ..." అని ఏదో చెప్పబోయింది.

"ఆగమ్మా!" అంటూ హరిబాబు జనాన్ని తోసుకుని వచ్చేశాడు. "ముందు లోపలివాళ్లని పలకరించనివ్వండి. మాస్టారూ, మీ ఫోన్‌లో లైటు వేసి ఇలా రండి."

ఇద్దరం బల్ల కిందకి దూరాం. లైటు వెలుగులో నాకు కూడా తెలిసిపోయింది. హారన్‌కి వెళ్లే పచ్చ ప్లగ్గు గులాబీ రంగు కన్నంలో ఉంది. మైకుది పచ్చ కన్నంలో ఉంది. ఎవరో తీసి దులిపి, అటుదిటూ ఇటుదటూ పెట్టారు.

"ఇదేంటి, ప్ల..." అన్నాను.

హరిబాబు నా వేళ్ల మీద మోకాలేశాడు. మామూలుగా కాదు, నిండు మనిషి మోకాలు.

లేచి నల్ల తెర తెరిచాడు. అక్షరాలు పారించాడు. తల ఇటూ అటూ ఊపాడు.

"రాజుగారూ, ఆ ప్రకటన ఓసారి నోటితో చెబుతారాండీ?"

రాజుగారు చెప్పారు. రేకులు అదిరాయి. పంటు మీద మేక ఒకటి తాడు తెంపుకుంది.

"ఇదండీ సంగతి" అన్నాడు హరిబాబు.

"ఏంటది?"

"బరువండి. ఆన్‌బోర్డ్ గారు చిన్న ప్రాణం. మామూలు గొంతులు మోసుకుని బతికేవారు. ఒక్కసారిగా తమ గొంతు నెత్తిన పెట్టేసరికి తట్టుకోలేక అలిగారండి."

రాజుగారి కోపం గొంతులోనే ఆగిపోయింది. మీసం మెల్లగా పైకి లేచింది. "అంత బరువుందంటావా?"

"ఈ జిల్లాలో నేను చూళ్లేదండి."

"విన్నారా మేడమ్?" అన్నారు రాజుగారు అధికారిణి వైపు తిరిగి. "మిషన్లు ఆగవంట మన గొంతుకి!"

ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, "అయితే తేలిక గొంతుతో చెప్పిద్దాం. ఆ అమ్మాయి చెబుతుందిగా" అన్నారు.

"చెప్పమనండి. పాపం, కార్డు కూడా బతకాలి కదా" అన్నారు రాజుగారు ఎంతో ఉదారంగా.

హరిబాబు "గారూ, దయుంచాలి" అంటూ బల్ల కిందకి దూరి, రెండు ప్లగ్గులూ మార్చి, మైకు గొంతు నేరుగా హారన్‌లోకి పోయేలా పెట్టి లేచాడు. నూకరత్నం మైకు పట్టుకుంది. మొదటి మాట వణికింది, రెండోది నిలబడింది.

"అమ్మా, అయ్యా, పంటు బయల్దేరుతుందండి. పరిగెత్తకండి. ముసలోళ్లూ చంటిపిల్లల తల్లులూ ఉంటే మీకోసం ఆగుతాదండి."

"ఆగుతుందని ఎవరు చెప్పారే?" అన్నారు రాజుగారు. కానీ జనం అప్పటికే చప్పట్లు కొట్టేశారు. ఒడ్డున పడవకి తాడు కడుతున్న బుల్లియ్య తాడు వదిలేసి, తలపాగా తీసి హారన్ వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ వెనక పడవ మెల్లగా దాని దారిన అది వెళ్లిపోతోంది.

రాజుగారు అధికారిణిని వెంటబెట్టుకుని పంటు ఎక్కారు. పంటు కదిలింది. చేతి వేళ్లు నలుపుకుంటూ ఉండిపోయిన నేను దాన్ని ఎక్కలేకపోయాను. హరిబాబుని గది బయటికి లాగాను.

"ఏమయ్యా, ఇన్నాళ్లూ కెర్నెల్ గారు, ఆల్సా గారు... ఎవరైనా ఒక్కసారైనా అలిగారా అసలు?"

హరిబాబు చెవి గోక్కున్నాడు. "ఎందుకలుగుతారండీ, మంచివాళ్లు. మనమే మ్యూట్ నొక్కుతాం, ప్లగ్గు మార్చేస్తాం. నలుగుర్లో ఆ మాటంటే మనిషి చితికిపోతాడండి. మదర్‌బోర్డు గారి మీద వేస్తే ఏంపోయింది? ఆవిడకి సిగ్గు లేదు కదండీ."

ఇంతలో నూకరత్నం కిటికీలోంచి పిలిచింది. కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం పండగలా ఉంది. "బాబాయిగారండీ, నాకు మనసొప్పట్లేదండి. ఓ మాట చెప్పేయాలి. పొద్దున బూజు దులుపుతా ఆ పచ్చ వైరు..."

మైకు ఇంకా తెరిచే ఉంది.

"...బూజు దులుపుతా ఆ పచ్చ వైరు..." అంది రేకుల మీది హారన్, గోదారంతా వినేలా.

యాభై దాటిన మనిషి కిటికీ దూకడం నేను అదే చూడటం. హరిబాబు బల్ల మీద పడి, బల్ల మీంచి కింద పడి, చేతికందిన వైరునల్లా పీకేశాడు. రేవు నిశ్శబ్దమైపోయింది. నడి గోదాట్లో పంటు అంచున రాజుగారు ఇటు తిరిగి నిలబడ్డారు.

హరిబాబు మెడలో రెండు వైర్లతో కిటికీలోంచి తల బయటపెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఏం లేదండీ! అలిగారండీ!"

"ఈసారి నేను నోరు తెరవలేదయ్యోయ్!" అన్నారు రాజుగారు అక్కణ్నించి.

ఆ మాట ఈ ఒడ్డునా వినపడింది, ఆ ఒడ్డునా వినపడింది. మైకు లేదు, హారన్ లేదు. బరువు విషయంలో హరిబాబు చెప్పింది మరీ అబద్ధమేం కాదు.