హనోయిలో కార్తీక పౌర్ణమి

అది 2024, కార్తీకమాసం. ఒక ఎరువుల కంపెనీ మా జిల్లా డీలర్లని వియత్నాం తీసుకెళ్ళే పని మా ఆఫీసుకి అప్పగించింది. అనకాపల్లి మెయిన్‌రోడ్డులో మాదొక చిన్న ట్రావెల్ ఆఫీసు. అందులో నేను టూర్ మేనేజర్‌ని. అంటే గుంపుతో పాటు వెళ్ళి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి చెయ్యి ఇచ్చి, అలిగినవాళ్ళని బతిమాలి, తీసుకెళ్ళినవాళ్ళందరినీ క్షేమంగా వెనక్కి తెచ్చే మనిషిని. ఈ ఉద్యోగమంటే జీతం తీసుకుని ఊళ్ళు తిరగడం అని మా చుట్టాలకి గట్టి నమ్మకం. నన్నడిగితే ఇది వేళకి అన్నం పెట్టించే ఉద్యోగం. ఎంత గొప్ప సముద్రం చూపించినా సరే, ఆ పూట భోజనం కుదరకపోతే బస్సులో ఒక్కరూ నా మొహం చూడరు.

అమ్మకాల టార్గెట్ అందుకున్న డీలర్లని కంపెనీ తన ఖర్చుతో తిప్పడాన్ని ఇన్సెంటివ్ టూర్ అంటారు. ఆ తేదీలు ఎక్కడో పెద్ద ఊళ్ళో కూర్చున్న అధికారులు వేస్తారు. వాళ్ళకి మన కార్తీకం సంగతి ఏం తెలుసు? దీపావళి దాకా కోడినీ మేకనీ వదలని మనుషులు, మర్నాటి నుంచి నీసు ముట్టరు. అందులోనూ రకాలున్నాయి. కొందరిది నెలంతా, కొందరిది సోమవారాలే. గొలుగొండ డీలరు సన్యాసినాయుడు గారు విమానం ఎక్కుతూనే తన నియమం తేల్చేశారు.

"సముద్రం దాటేక కార్తీకం ఏటండీ మేడమ్? ఆ దేవుడు మన ఊళ్ళో ఉంటాడు గానీ, టిక్కెట్టు కొనుక్కుని ఎనకాల వత్తాడేటి?"

ఆ మాటకి అందరూ నవ్వారు గానీ వరహాలమ్మ గారు నవ్వలేదు. ఎస్. రాయవరంలో ఎరువుల షాపు ఆవిడది. మొదట్లో భర్తది. రెండేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చి నోట మాట పడిపోతే, ఈవిడ కౌంటర్ వెనక కూర్చున్నారు. చెరకు రైతులకి ఏ మందు ఎప్పుడు కొట్టాలో చెబుతూ, మొహమాటం లేకుండా బాకీలు అడుగుతూ, భర్త నడిపినప్పటికంటే గట్టిగా నడిపారు. డీలర్లలో ఆడమనిషి ఆవిడొక్కరే కాబట్టి హోటల్లో మా ఇద్దరికీ ఒకే గది. నేను "పిన్నీ" అంటే, ఆవిడ నన్ను "అమ్మాయ్" అనేవారు.

మొదటి రోజే తన మొక్కు సంగతి చెప్పారు. "మాయన నోట మళ్ళీ మాటొత్తే, బతికినన్నాళ్ళూ కార్తీకమంతా నీసు ముట్టను, ఉల్లి ఎల్లుల్లి ముట్టను అని శివయ్యకి మొక్కుకున్నానమ్మాయ్. వచ్చింది. నత్తినత్తిగా అయినా వచ్చింది. మరి నా మాట నాను తప్పితే, ఆయన మాట ఆయన లాగేసుకోడూ?"

ఇక్కడ మా వృత్తిలో కష్టం కాస్త చెప్పాలి. విమానంలో శాకాహారం కావాలంటే ఏవీఎంఎల్ అనే కోడ్ పెట్టాలి. తెలియనివాళ్ళు హిందూ మీల్ అన్నదాన్ని ఎంచుకుని, తీరా మూత తీస్తే కోడికూర కనబడి లబోదిబోమంటారు. అది దాటినా ఊరగాయ గండం ఒకటుంది. సెక్యూరిటీ వాళ్ళ లెక్కలో ఊరగాయ ద్రవపదార్థం. పెట్టెలో పెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అయినా పిన్ని నిమ్మకాయ ఊరగాయ సీసాని చేతిసంచిలోనే పెట్టుకున్నారు. పెట్టెలో పెడితే నూనె కారి పట్టుచీర పాడవుతుందని ఆవిడ భయం. కౌలాలంపూర్‌లో విమానం మారేచోట ఆ సీసా చెత్తబుట్టలోకి పోయింది. తెచ్చుకున్న చేగోడీలూ రవ్వలడ్డూలూ హనోయిలో దిగేలోపే సాటి డీలర్లకి పంచేశారు. పదిమందిలో ఒక్కళ్ళే సంచి విప్పుకుని తినడం ఆవిడకి చేతకాదు.

అక్కడ మన తరఫున హోటళ్ళూ బస్సులూ భోజనాలూ మాట్లాడిపెట్టే సంస్థని ల్యాండ్ ఆపరేటర్ అంటాం. మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ కలవకూడదని వాళ్ళకి ముందే రాశాను, ఫోన్లోనూ చెప్పాను. వాళ్ళు పంపిన గైడ్ లాన్ అనే అమ్మాయి. గలగలా ఇంగ్లీషు మాట్లాడుతుంది, ఎప్పుడూ నవ్వుమొహమే. మొదటి రోజు మధ్యాహ్నం మా శాకాహారుల బల్లకి అన్నం, కాయగూరల సూపు, వేయించిన ఆకుకూర వచ్చాయి. ఆకుకూర చూడగానే పిన్ని మొహం విప్పారింది.

"ఓలమ్మా, ఇది తూటికూర కాదేటి! మా ఊరి గెడ్డ నీళ్ళల్లో మొలుత్తాది, పశువులు తింటాయి. ఈళ్ళు ఎంత కమ్మగా సేసేరో!"

రెండోసారి పెట్టించుకుని తిన్నారు. రాత్రికీ అదే అడిగారు. మర్నాడు బస్సులో సన్యాసినాయుడు గారు ఊరుకోలేక, ఆ కూరకి అంత రుచి ఎలా వచ్చిందని లాన్‌ని అడిగారు. ఆ పిల్ల సంబరంగా, చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం చుక్క వేస్తామని, అది లేకుండా మా వంటే లేదని చెప్పింది. దాని తప్పు కాదు. మనకి ఉప్పు ఎలాగో వాళ్ళకి అది అలాగ. పళ్ళెంలో చేప ముక్క లేదు కాబట్టి అది శాకాహారమే అనుకుంది.

బస్సులో నవ్వులు ఆగిపోయాయి. అందరూ పిన్ని వైపు చూశారు. ఆవిడ కేకలు వేస్తే బాగుండేది. కిటికీ వైపు తిరిగి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "వదినా, తెలీక తిన్నది లెక్కలోకి రాదొదినా" అని నాయుడు గారు బతిమాలుతున్నా పలకలేదు. ప్రశ్న అడిగినందుకు ఆయన నాలిక కొరుక్కోవడం నేను చూశాను.

గదికి రాగానే భర్తకి ఫోన్ చేశారు. ఆయన ఏం చెబుతున్నాడన్నది ఆవిడకి అక్కర్లేదు, ఎలా పలుకుతున్నాడో వింటున్నారు. "మళ్ళీ సెప్పండి... ఇంకోపాలి సెప్పండి" అంటున్నారు. చేపరసం సంగతి మాత్రం చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, "ఇయ్యాల మాట కొంచెం ముద్దగా ఉంది గదమ్మాయ్?" అని నన్ను అడిగారు. నిన్న ఎలా ఉందో నాకేం తెలుసు? అయినా లేదు పిన్నీ, శుభ్రంగా ఉంది అన్నాను. నా గొంతు నాకే నమ్మేలా లేదు.

ఆ పూట నుంచి ఆవిడ అరటిపళ్ళూ కొబ్బరినీళ్ళూ తప్ప ఏదీ ముట్టలేదు. అసలే షుగర్ మనిషి. మాత్ర వేసుకుని తినకపోతే ఒక ప్రమాదం, మాత్ర మానేస్తే ఇంకో ప్రమాదం. హోటల్ గదిలో పొయ్యి వెలిగించకూడదు, నా దగ్గర కుక్కరున్నా లాభం లేదు. ఊళ్ళో ఒక ఇండియన్ రెస్టారెంటుకి తీసుకెళ్ళాను. పిన్ని వంటవాడిని సూటిగా అడిగారు. కోడికూరకీ పప్పుకీ ఒకటే వంటిల్లనీ, గరిటెలు కడిగి వాడతామనీ అతను నిజం చెప్పాడు. నిజం చెప్పినందుకు దండం పెట్టి మరీ లేచి వచ్చేశారు. సాయంత్రం ఒక గుడి మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి చతికిలబడ్డారు. నాకు నిజంగా భయం వేసింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

మర్నాడు పౌర్ణమి. "ఇయ్యాల ఎలాగూ ఉపోసమే, నువ్వు బెంగెట్టుకోకు" అని నాకే ధైర్యం చెప్పారు. బతిమాలి పళ్ళరసం తాగించాను. ఆవిడ దిగులు వేరే ఉంది. మూడు వందల అరవై ఐదు ఒత్తుల కట్టని నేతిలో తడిపి ఇంటి నుంచి తెచ్చుకున్నారు. ఏడాది పొడుగునా పెట్టలేని దీపాలన్నీ ఆ ఒక్క సాయంత్రం వెలిగించినట్టు అవుతుందని మన నమ్మకం కదా. గదిలో వెలిగిస్తే పొగ అలారం మోగి హోటలంతా రోడ్డు మీదకి వస్తుంది. ఆ మాట లాన్‌తో అన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "మాకూ ఈ రోజు పున్నమి. మా అమ్మమ్మ ప్రతి పున్నమికీ అమావాస్య మర్నాడూ మాంసం, చేప, ఆ రసం కూడా ముట్టదు. ఉల్లి వెల్లుల్లి కూడా తినదు. అలాంటివాళ్ళు భోంచేసే చోటు ఒకటుంది. దాని పక్కనే గుడి" అంది.

ఈ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదే తల్లీ అనబోయి ఆగాను. ఎవరైనా అడిగితే కదా చెబుతుంది.

చీకటి పడుతుండగా ముగ్గురం వెళ్ళాం. గుడి ముంగిట అగరొత్తుల పొగలో పిన్ని ఒత్తుల కట్ట వెలిగించారు. అక్కడి ఆడవాళ్ళు వింతగా చూసి, చేతులు జోడించి పక్కకి జరిగారు. చంద్రుణ్ణి చూసి, దండం పెట్టుకుని, ఆవిడ మొదటిసారి "ఆకలేత్తందమ్మాయ్" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పక్కనే ఉన్న భోజనశాల కిటకిటలాడుతోంది. గొప్ప చోటు పట్టానని నేను పొంగిపోతుండగా మొదటి పళ్ళెం వచ్చింది. అందులో చేప ఉంది. తలా తోకా ఉన్న నిండు చేప, పైన నల్లటి తోలుతో సహా. పిన్ని కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డారు. లాన్ కంగారుగా, అది సోయాతో చేసిన బొమ్మ చేప అనీ, తోలు కాదు సముద్రపు నాచు అనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"బొమ్మైతే మాత్రం? నీసు మానేసినోళ్ళు నీసు బొమ్మ సేసుకుని తినడవేటమ్మా? మానడమెందుకు, బొమ్మెందుకు?"

అలికిడికి యజమానురాలు వచ్చింది. పిన్ని ఈడు మనిషే. లాన్ చెప్పిందంతా విని, చేప పళ్ళెం తీసి పక్కన పెట్టి, పిన్ని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. నీసు వాసనే లేదు. కుండల మూతలు ఒక్కొక్కటీ తీసి చూపించింది. ఆఖర్న మూలనున్న చిన్న బల్ల దగ్గర ఆగింది. అక్కడ ఆవిడ తన కోసం పెట్టుకున్న గిన్నె ఉంది: అన్నం, ఉడికించిన తూటికూర, వేయించిన నువ్వులూ పల్లీలూ ఉప్పు వేసి దంచిన పొడి. ఆ బొమ్మ చేపలు, వాటిని ఇష్టపడి వచ్చేవాళ్ళ కోసమట, తన తిండి మాత్రం ఇదట.

పిన్ని ఆ పొడి వాసన చూశారు. ఇంకా కూర్చోలేదు. "ఈవిడ దేనికి మొక్కుకుందో అడుగమ్మా" అన్నారు.

నేను ఇంగ్లీషులో చెబితే లాన్ అడిగింది. యజమానురాలు నవ్వి ఒక్క ముక్కలో చెప్పింది. మొక్కేమీ లేదు, అమ్మ చేసేది, నేనూ చేస్తున్నాను.

"మొక్కేటీ లేకుండానేనా? దేవుణ్ణి ఏటీ అడక్కుండానేనా?" తరవాత పిన్ని, కళ్ళు ఎత్తకుండా, అసలు ప్రశ్న అడిగారు. "తెలీకుండా నోట్లో నీసు పడిపోతే ఏటి సేత్తాదో అడుగు."

యజమానురాలు ఆలోచించనైనా ఆలోచించలేదు. తనకీ చాలాసార్లు పడిందట. తెలిసిన పూట నుంచి మళ్ళీ మొదలుపెడుతుందట, అంతే.

పిన్ని కూర్చున్నారు. ఆవిడ తన గిన్నెలోదే సగం పెట్టింది. పిన్ని ఆ పొడి కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు నేను వంటింటి గోడ వైపు తిరిగాను. నలభై దాటిన టూర్ మేనేజర్ అన్నం చూసి ఏడిస్తే బాగోదు.

చెయ్యి కడుక్కోగానే భర్తకి ఫోన్ చేశారు, ఈసారి స్పీకర్ పెట్టి. "ఏవండీ, నాను సేప నీళ్ళు తినేసేనండీ. తెలీక తినేసేను. ఇయ్యాల్టి నుంచి మళ్ళీ మొదలెట్టేను" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. అటు నుంచి జవాబు రాలేదు. పిన్ని ఫోన్‌ని ఇంకా దగ్గరికి తెచ్చుకున్నారు. తరవాత ఆయన గొంతు, ఒక్కొక్క మాటనీ కూడబలుక్కుంటూ వచ్చింది.

"నువ్వు అటెల్లిన కాడ్నుంచి... నేను రాజయ్యపేట కోనాం సేప పులుసే తింతన్నాను. రోజూ. నా మాట... పోయిందేటి?"

పిన్ని నోరు తెరిచి, తిట్లకి దిగారు. కార్తీకం, పున్నమి ఏవీ చూడకుండా తిట్టారు. తిడుతూ తిడుతూ నవ్వారు, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. విషయం తెలియని యజమానురాలు కూడా ఆవిడతో పాటు నవ్వింది.

ఈ టూర్ తరవాత నా పని తీరు మారింది. ఇప్పుడు ఏ దేశం వెళ్ళినా వెజిటేరియన్ హోటల్ ఎక్కడ అని గైడ్‌ని అడగను. మీ ఇంట్లో నోరు కట్టుకునేవాళ్ళు ఎవరు, ఏ రోజుల్లో, ఆ రోజు వాళ్ళేం తింటారు అని అడుగుతాను. ఎవరో ఒక అమ్మమ్మ, ఎవరో ఒక మేనత్త ప్రతి దేశంలోనూ తేలుతుంది. బోర్డు మీద రాసిన మాటని నమ్మి నా వాళ్ళకి పెట్టలేను. తను మానినదేమిటో తెలిసిన మనిషి, తన గిన్నెలోంచి తీసి పెడితే మాత్రం కళ్ళు మూసుకుని పెడతాను.