ఇంగ్లీషు పేరున్న పురుగు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో లేదు. ఒకవేళ ఉన్నా నా ఫోనుకు తెలిసేది. తమక అనే ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా కొత్తగా చేరి, కేజీఎఫ్ నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తూ, పురుగును ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్ ఒకటి ఫోనులో వేసుకున్నాను. అంతకన్నా ప్రమాదకరమైన మనిషిని నేను ఇప్పటికీ చూడలేదు.

మా నాయన అక్కడి బంగారు గనిలో కార్మికుడు. గని మూసేశాక పెరట్లోకి దిగాడు. అక్కడ ఒక మడి నిండా వంగ మొక్కలు. మా అవ్వ బైరకూరు నుంచి కాపురానికి వస్తూ కొంగున కట్టుకొచ్చిన విత్తనం అది. ఏటా మంచి మొక్కకు ఒక కాయను పండనిచ్చి, ఆ గింజల్ని బూడిదలో కలిపి దాచి, మరుసటి ఏడు మొత్తం చల్లేసేవాడు. (బైరకూరులో మా వాళ్లంతా టమాటాకు మారిపోయి చాలా ఏళ్లయింది. ఆ విత్తనం ఇంక మా ఇంట్లోనే మిగిలింది.) రోజూ పొద్దున్నే ఆకులు తిప్పి, నల్లచుక్కలున్న ఎర్ర పురుగుల్ని ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసేవాడు. ఒక ఆదివారం నేను ఆ పురుగును ఫోటో తీశాను. అక్షింతల పురుగు, మొక్కల రసం పీల్చే పేనుబంకను తింటుంది, రైతుకు మిత్రుడు అని ఫోను చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

"నాయినా, నువ్వు చంపేది మన మిత్రుణ్ణి. ఇంగ ఒక్కదాన్నీ ముట్టుకోవద్దు."

"ఇది ఆకు తింటాదప్పా. నేను చూసినాను."

"ఆకు తినేది వేరే ఉంటాది. ఇంగ్లీషులో రాసుండాది చూడు."

నాయన కళ్లు చికిలించి ఫోను వైపు చూశాడు. "రాసుంటే సరేలే" అని డబ్బా కింద పెట్టేశాడు.

అంతటితో ఊరుకున్నానా? రేకు ముక్క మీద ఆ పురుగు పేరు ఇంగ్లీషులో పెయింటుతో రాసి మడిలో పాతాను. పక్కింటి ఆంటీ తన పెరట్లో వాటిని నలిపేస్తుంటే అడ్డుపడి, అగ్గిపెట్టెలో పట్టి తెచ్చి మా మొక్కల మీద వదిలాను. "ఎన్ని కావల్నో తీసకపోప్పా, రేపు కూడా రా" అని ఆమె సంతోషంగా సాగనంపింది. ఆ సంతోషం దేనికో నేను అడగలేదు.

మూడు వారాలకు ఆకులన్నీ జల్లెడలై ఈనెలు మిగిలాయి. పూత రాలిపోయింది. స్కూల్లో ఒక పెద్ద టీచరమ్మకు ఫోటో చూపించాను. "వీపు మీద నూగు కనపడలేదా సార్? మిత్రుడి వీపు నున్నగా మెరుస్తాది. ఇది వాడి దాయాది. దీని తిండే ఆకు" అన్నారావిడ.

ఇంటికొచ్చేసరికి నాయన ఎండిన మొక్కలు పీకుతున్నాడు.

"యాడన్నా ఒక్క కాయ ఉండాదా నాయినా?"

"లేదప్పా."

"పోయినేటి గింజలు?"

"అన్నీ చల్లేసినాను కదా."

సిగ్గుపడాల్సిన నాకు కోపం వచ్చింది, అదీ ఆయన మీద. "రోజూ చూస్తానే ఉన్నావు కదా, నాకు చెప్పకూడదా?" అన్నాను.

"గనిలో కూడా అంతేనప్పా. రాయి చూస్తే చాలు, బంగారు యాడుండాదో మాకు తెలిసేది. ఆఫీసరు మ్యాపు చూసి ఇటు తవ్వమంటే ఇటే తవ్వినాము. చదువుకున్నోళ్లకు ఎదురు చెప్పి నాకు అలవాటు లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉంటే బాగుండేది. అలాంటి ఆఫీసర్ల ముందు తలెత్తుకు నిలబడాలని ఆయన నన్ను చదివించాడు. నేను ఆయన పెరట్లో, ఆయన ఎదుటే ఆఫీసరునై నిలబడ్డాను. మా అవ్వ కొంగున వచ్చిన వంకాయ నా చదువుతో అంతరించింది.

ఇప్పుడు స్కూల్లో నన్ను పురుగుల సారు అంటారు. పేరు తర్వాత, ముందు అది ఏం తింటుందో వారం రోజులు చూసి రండి అని పిల్లల్ని పంపిస్తాను. మా వంగమడిలో కరివేపాకు పెరిగింది. దాని మొదట్లో నా రేకు ఇంకా అలాగే ఉంది. మొన్న పీకేద్దామని వంగితే నాయన వద్దన్నాడు.

"ఉండనీప్పా. ఇంగ్లీషులో రాసుండాది."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. రాతలో తప్పు ఒక్కటీ లేదు. ఆనాటి ఆ కుర్ర సైన్సు టీచరు అక్షరాలు మాత్రం చాలా అందంగా రాశాడు.