డిక్కీలో ఏడో నంబర్

కాలిఫోర్నియాలో ఎమ్మెస్ చదువుతూ, ఒక పంజాబీ అంకుల్ బాదం తోటలో మట్టి తేమ చెప్పే సెన్సార్లు వరుసకొకటి పాతాను. మైళ్ల దూరం నుంచైనా, వైర్లు లేకుండానే, అవి నా ఫోన్‌కి తేమ లెక్క పంపుతాయి.

"అంకుల్, ఏడో వరుస పూర్తిగా ఎండిపోయింది. నీళ్లు పెట్టండి" అన్నాను.

ఆయన గుప్పెడు మట్టి పిసికి చూసి, "తడిగానే ఉంది బేటీ" అన్నాడు.

"సెన్సార్ అబద్ధం చెప్పదు" అని గదమాయించాను. పాపం, రెండు రోజులు నీళ్లు పెట్టాడు. చెట్ల మొదళ్లు బురదలో మునిగాయి.

అయినా నేను వెళ్లేటప్పుడు బాదంపప్పు సంచి ఇద్దామని నా కారు డిక్కీ తెరిచాడు. లోపల ఏడో నంబర్ సెన్సార్! దాన్ని పాతడమే మరిచిపోయాను. అది చెప్పిందంతా నా డిక్కీ సంగతి.

ఆయన ఆ సంచి దాని పక్కనే పెట్టి, డిక్కీ మూశాడు.

రైతుబిడ్డనని ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను. ఒక్కసారైనా వంగి ఆ మట్టి ముట్టుకోలేకపోయాను.