ఎటూ పోని గీతలు

మొన్న లాడ్ బజార్ దగ్గర ఒక పాత పుస్తకాల దుకాణంలో, వెనక గుడ్డ అంటించిన సర్వే పటం ఒకటి విప్పాను. ముక్కిన జిగురు వాసనకు కార్వాన్‌లోని మా ఇల్లు గుర్తొచ్చింది.

డెబ్బైల్లో మాట. నేను ఎనిమిదో తరగతి. బాపు సర్వే ఆఫీసులో పనిచేసేవాడు. మరునాడు నాకు భూగోళం పరీక్ష అని ఆఫీసులో అడిగి ఒక చిరిగిన పటం తెచ్చాడు. దానిమీది గోధుమరంగు గీతలు దారులనుకున్నాను. ఒకదాని వెంట వేలు పోనిస్తే, గుట్ట చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది. ఇంకొకటీ అంతే. ఏ దారీ గుట్ట పైకి పోదు.

"బాపూ, గీ తొవ్వలు ఎటూ పోతలేవేంది?"

"అవి తొవ్వలు గావు బిడ్డా. ఎత్తు."

"గీత ఎత్తెట్లయితది?"

బాపు పటాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మీ సారు చెప్పలేదా?"

"సమజ్ కాలే. నీ పనే గది గద, నువ్వు చెప్పరాదా?"

"ఎత్తని చెప్పిన గద. లొల్లి చెయ్యకు," అంటూ పటం మడిచి బయటికి వెళ్లిపోయాడు.

తెలిసీ చెప్పడం లేదని ఉక్రోషంతో ఏడ్చాను. పరీక్షలో ఆ ప్రశ్న వదిలేశాను. చాలా రోజులు ఆయనతో ముభావంగానే ఉన్నాను.

ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ పోయేదే ఆ గీత అని కాలేజీలో తెలిసింది. బాపు పనేమిటో ఆయన రిటైరయ్యాక గానీ తెలియలేదు. కొలత కర్ర మోసుకుని గుట్టలెక్కి, కొలతలు తీసే సర్వే సాహెబు చూపిన చోట దాన్ని నిటారుగా పట్టుకుని నిలబడేవాడట. ఆ గీతలు చదవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.